కురుమూర్తి స్వామికి ఒక కొబ్బరికాయ

మొక్కినది జరగకపోతే మొక్కు చెల్లించాలా, వద్దా? అయిదేళ్లుగా దీపం పెట్టినప్పుడల్లా ఈ అనుమానం నాతోపాటే దేవుని గదిలోకి వచ్చి కూర్చుంటోంది. పెద్దపిల్ల నిహారికకు పది పాసయ్యాక ట్రిపుల్ ఐటీలో సీటు వస్తే కొబ్బరికాయ కొడతానని కురుమూర్తి స్వామికి మొక్కుకున్నాను. సీటు రాలేదు. కాయ కొట్టలేదు. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి బాకీయో తేలలేదు.

తొమ్మిదో తరగతి వరకు నిహారిక మా కోస్గి సర్కారు బడిలో అందరికంటే ముందు. పదిలోకి రాగానే మా ఆయన దశరథం టీసీ తీసుకుపోయి జడ్చర్లలో ప్రైవేటు బడిలో వేశాడు. "ఇంగ్లీషు బడిల జదివితే ర్యాంకు అదే వస్తది" అన్నాడు. అసలు సంగతి అత్తమ్మ నోట జారింది: "రమకు పసిపిల్ల. నీ బిడ్డ ఆడుంటే జర ఆసరైతది." రమ నా ఆడబిడ్డ, కాపురం జడ్చర్లలోనే. ఆమె ఇంట్లో నా బిడ్డ పొత్తిగుడ్డలు ఉతికి, గిన్నెలు తోమి, మిగిలిన పొద్దులో చదివింది. అయినా ఇక్కడి సర్కారు బడిలోనే ఉన్న తన దోస్తు మల్లికతో సమానంగా గ్రేడు తెచ్చుకుంది. సీటు మాత్రం మల్లికకు వచ్చింది. సర్కారు బడి పిల్లలకు అక్కడ గ్రేడుకు కొంత కలుపుతారట. బడి మారిన మా పిల్లకు కలిపేదేమీ లేదు. ఆ మాట ముందే కనుక్కోవడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. తప్పు ఎవరిదో మాత్రం వెంటనే తేలింది. "తల్లి పోలిక. గింతే వస్తది" అన్నాడు మా ఆయన, చేయి కడుక్కుంటూ. ఆ చేతికి నీళ్లు పోసింది నేనే.

నిహారిక ఇంటర్‌తో ఆపేసి ఇంట్లో జాకెట్లు కుడుతోంది.

నిన్న నేను జొన్నరొట్టెలు కొడుతుండగా అత్తమ్మ మళ్లీ అందుకుంది. చిన్నపిల్ల పూజ ఇప్పుడు పదిలోకి వచ్చింది. బడిలో తనే ముందు.

"చిన్నదాన్ని గూడ జడ్చర్లకు తోలు. రమకు నడుం లేస్తలేదు."

"రేపు టీసీ తెస్త" అన్నాడు మా ఆయన.

రొట్టె పెనం మీద వేసి తడిచెయ్యి రాశాను. "పోయినా ఇయ్యరు. పొద్దుగాల్నే బడికి పోయి పెద్దసారుకు చెప్పొచ్చిన. పిల్ల ఈడనే జదువుతది."

"నాకు చెప్పకుండనా?"

"పెద్దదాన్ని తీస్కపోయిన నాడు నువ్వు నన్ను అడిగినవా?"

అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "గట్లయితే నా బిడ్డకు ఎవరు జేస్తరే?"

"నువ్వు పో అత్తమ్మా. ఆడోళ్లకు బస్సు ఫ్రీనే గద."

ఈలోగా రొట్టె మాడింది. ఎప్పుడూ మాడినది నేను తింటాను. నిన్న ఆయన కంచంలో వేశాను.

సీటు ఇవ్వలేదని ఇన్నేళ్లు స్వామి మీద అలిగాను గాని, నడుమ బడి మార్చింది స్వామి కాదు గదా. ర్యాంకు అడగడానికి స్వామి ఉన్నాడు. టీసీ ఆపడానికి ఇంట్లో నేనే ఉన్నాను.

ఈ ఉదయం అత్తమ్మ నన్ను శపిస్తూనే సంచీ సర్దుకుని జడ్చర్ల బస్సెక్కింది. నేను తలస్నానం చేసి, స్వామికి కాయ కొట్టి, మొదటి ముక్క నిహారిక చేతిలో పెట్టాను.