నేను కొన్న సిగరెట్టు

మా అన్నయ్య సిగరెట్లు మానేసిన పదమూడో రోజున, కొట్టుకి వెళ్ళి సిగరెట్టు కొన్నది నేనే. నవ్వకండి. ఇరవై ఏళ్ళుగా ఆ సిగరెట్టునీ, దాన్ని అమ్మేవాణ్ణీ, కనిపెట్టినవాణ్ణీ కలిపి దుమ్మెత్తిపోసినదాన్ని. మా వర్క్‌షాపులో పనివాళ్ళు చాటుగా నన్ను మిరపకాయ అంటారని తెలుసు. అననివ్వండి.

మాది తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగం. అన్నయ్య ఉలి పడతాడు, నేను ఉప్పు కాగితంతో రుద్ది పాలిష్ వేస్తాను. గాడి చెక్కడం అయ్యాక అందులో మిగిలిన పొట్టును అన్నయ్య ఉఫ్‌మని నోటితో ఊదేస్తాడు. సగం పొట్టు ఎగిరి తన ముఖానికే తగులుతుంది. దానిమీద ఓ సిగరెట్టు. తెల్లారితే ఆయన దగ్గుకే మా వీధి నిద్ర లేచేది.

ఈ ఏడాది రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. రెండోసారి పదకొండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. మాట్లాడితే నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పేశారు.

"ఊపిరి దారుల్లో సన్నని నూగు ఉంటుంది. దుమ్మునీ క్రిముల్నీ బయటికి ఊడ్చేది అదే. పొగకి అది చచ్చుబడింది. క్రిములతో పోరాడే శక్తీ తగ్గిపోయింది. ఇంకోసారి న్యుమోనియా వస్తే తట్టుకోవడం కష్టం. ఇక మానెయ్యండి."

అన్నయ్య ఇంటికి రాగానే సిగరెట్టు పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు. నేను ఆ బుట్టను మోసుకెళ్ళి వీధి చివర ఖాళీ చేసి వచ్చాను.

తీరా చూస్తే, వారం తిరిగేసరికి దగ్గు తగ్గకపోగా రెట్టింపయింది. పదమూడో రోజు పొద్దున పనిబల్ల పట్టుకుని వంగిపోయి, ముదురు గోధుమరంగు కఫం ఉమ్మాడు.

"చూశావా? మానేశాకే ఇదంతా. తాగినన్నాళ్ళూ బాగానే ఉన్నాను కదే! ఒక్కటంటే ఒక్కటి తాగితే కుదుటపడతాను."

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి అన్నయ్య పోతాడేమోనని భయం వేసింది. అమ్మా నాన్నా పోయాక నాకు ఉన్నది ఆయనొక్కడే. కొట్టుకి పరుగెత్తాను.

"అక్కా, మీరా?" అని కొట్టతను నోరు వెళ్ళబెట్టాడు.

"నోరు మూసుకుని ఇవ్వు."

ముందు డాక్టరమ్మకి చూపిద్దాం, ఆవిడ వల్ల కాకపోతే ఇదే ఇద్దాం అనుకుని, దాన్ని పిడికిట్లో దాచి అన్నయ్యను ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీయించారు. చివరికి నవ్వారు.

"జ్వరం లేదు, న్యుమోనియా లేదు. పడుకున్న నూగు లేచి పని మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ చెత్త కదా, కొన్ని వారాలు ఊడుస్తుంది. జ్వరమొచ్చినా, ఆయాసం పెరిగినా, కఫంలో రక్తం కనబడినా మాత్రం వెంటనే రండి."

"మరి సిగరెట్టు తాగితే దగ్గు ఆగేది కదండీ?" అన్నాడు అన్నయ్య.

"ఊడ్చేదాన్ని మళ్ళీ పడుకోబెడితే ఆగదూ? అవునూ, మీ షాపులో దుమ్ము ఎవరు తీస్తారు?"

"నేనే!" అన్నాను గొప్పగా. "రోజూ సాయంత్రం చీపురుతో మూలమూలా ఊడుస్తాను."

"పొడి చీపురుతోనా? ఆయన అక్కడే ఉంటారా?"

అవునని తలూపాను. పొగ ఆయన తాగాడు సరే, రోజూ గది నిండా దుమ్ము లేపి పీల్పించింది నేను. ఇన్నేళ్ళుగా తిట్లన్నీ ఆయనకే!

"మీరూ దుమ్ములోనే పనిచేస్తున్నారు కదమ్మా, ఇందులో ఊదండి" అంటూ నర్సు ఊపిరి కొలిచే గొట్టం అందించింది. అందుకోబోయి పిడికిలి తెరిచాను. నలిగిన సిగరెట్టు బల్లమీద పడింది.

నర్సు నన్ను చూసింది. అన్నయ్య సిగరెట్టును చూశాడు.

"నువ్వు కొన్నావా? నా కోసం?"

"నీ కోసం కాక నా కోసమా?" అని కసిరి, అందరి ముందూ బావురుమన్నాను.

అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, రెండుగా తుంచి చెత్తడబ్బాలో వేశాడు.

"నీ చేత ఇది కొనిపించానంటే ఇక నేను మానాల్సిందేనే" అన్నాడు.

అది జరిగి అయిదు నెలలు. షాపులో దుమ్ము లాగే మెషీన్ వచ్చింది. అందరి ముక్కుకీ మాస్కు ఉంది, ప్రతి బల్లమీదా తడిగుడ్డ ఉంది. చీపురును నేనే అటకెక్కించాను. మళ్ళీ న్యుమోనియా రాలేదు.

నిన్న అన్నయ్య ఓ తలుపు గాడి పూర్తిచేసి, మాస్కు కిందికి లాగి, బుగ్గలు పూరించాడు.

"అన్నయ్యా!" అని అరిచాను.

నాలిక కరుచుకుని, తడిగుడ్డతో గాడి తుడిచాడు. తర్వాత, పీల్చిన ఊపిరిని వృథా చేయడం ఎందుకనుకున్నాడేమో, షాపు అదిరిపోయేలా ఒక్క కేక పెట్టాడు.

"ఒసేయ్ మిరపకాయా, టీ తేవే!"

పనివాళ్ళంతా బిగుసుకుపోయి నావైపు చూశారు. తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ఆ కేక ఇంకోసారి వినాలనిపించి, వినబడనట్టు ఊరుకున్నాను.