మిద్దె మీది మన్ను

వానకు నానిన మిద్దె కూలి శకుంతలమ్మ చనిపోయిన పన్నెండో రోజు పొద్దున, మిగిలిన ఇంటిని పడగొట్టడానికి జేసీబీ వచ్చింది. చంద్రగిరి కోట వీధిలో ఆ ఇల్లు రాయల కాలం నాటిది. రాతి స్తంభాలు, వాటి మీద టేకు దూలాలు, దూలాల మీద అడ్డంగా పరిచిన దంతె కట్టెలు, ఆ పైన మట్టి. నడిమి సాల ఒక్కటే కూలింది. వెనక రెండు గదులు నిలబడే ఉన్నాయి.

"ఐదునూర్లేండ్ల కొంప. ముసిలిదై మనిషిని మింగింది," అన్నాడు పక్కింటి సుబ్బన్న.

"ఇంగ దీన్ని ఉంచను. నా పెండ్లాన్ని తినింది," అన్నాడు గుణశేఖర్.

మునస్వామి గోడవారగా నిలబడి విన్నాడు. ఏటా వానలకు ముందు ఆ మిద్దెకు చవుడు పోసేది అతనే. నీళ్లు దిగకుండా కాచేది ఆ చవుటి మన్నే. పాతది గీకి దించాకే కొత్తది పోయాలని వాళ్ల నాయన నేర్పాడు. గీకడానికే రెండు రోజులు. వానల ముందేమో ఊరంతా ఒకేసారి పిలుస్తుంది. పన్నెండేళ్లుగా అతను గీకలేదు. పాతదాని మీదే కొత్తది పరిచి, నున్నగా చదును చేసి దిగేవాడు. దిగేసరికి శకుంతలమ్మ చెంబుతో మజ్జిగ పట్టుకుని నిలబడి ఉండేది.

జేసీబీ ముందుకు కదిలింది. నోరు మూసుకుంటే ఇంటితోపాటు తన తప్పూ మట్టిలో కలిసిపోతుంది.

"ఆపప్పా!" అని అడ్డం పోయాడు. "గుణశేఖరా, నీ పెండ్లాన్ని సంపింది ఇల్లు కాదబ్బా."

"ఏందన్నా నువ్వనేది?"

పైన కూలిన అంచు వైపు వేలు చూపించాడు. తెగిన మిద్దెలో మన్ను పొరలు పొరలుగా, మూరెడు మందాన ఉంది. "జానెడు ఉండాల్సింది. నేను గీకలా. తడిసినాక ఆ బరువు ఏ దూలం మోస్తాది?"

"ఒరే మునస్వామీ, సావింట్లో కూడు తిని ఇన్ని దినాలు నోరు మూసుకోనుండావా!" అన్నాడు సుబ్బన్న.

గుణశేఖర్ ఆ పొరలనే చూస్తున్నాడు. కొడతాడనుకున్నాడు మునస్వామి. కొడితే బాగుండుననుకున్నాడు.

"ఎనక గదుల మింద గూడా ఇంతే ఉండాదా?"

"ఉండాది."

"నిన్న రాత్రి దాకా నా బిడ్డ రూపశ్రీ ఆడే పండుకునింది గదన్నా."



గుణశేఖర్ జేసీబీని పంపేసి, పార తెచ్చి అతని కాళ్ల ముందు పడేశాడు. "ఎక్కు. ఆ గదుల మింద మన్నంతా దించు. దించినాక ఈ వీధిలో నీ మొగం సూపియ్యొద్దు."

నిచ్చెన పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. పైన మొదటి పార వేయగానే కింద దూలం కిర్రుమంది. మునస్వామి ఆగి, అడుగు పక్కకు జరుపుకుని, మళ్లీ తవ్వాడు.