అధ్యక్షులవారు వాడిన కారు

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు నడిపే కార్లలో సగం ఒకప్పుడు అధ్యక్షులవారివే. ఆయన కొత్త కారు కొన్నప్పుడల్లా పాతదాన్ని అప్పుడే ఆ దేశంలో దిగిన తెలుగు కుటుంబానికి అమ్ముతారు. అమ్ముతారు అనకూడదు. డబ్బు పుచ్చుకుంటారు, అయినా ఇస్తారు అనే అనాలి. "అధ్యక్షులవారు మాకు కారిచ్చారు" అని కొన్నవాళ్ళు చెబుతుంటే, విన్నవాళ్ళు అయ్యో ఎంత మంచి మనసో అనాలి. ఆ కారు నడిరోడ్డు మీద ఆగిపోతే దిగి తోసుకోవాలి తప్ప ఆ సంగతి బయట ఎత్తకూడదు. ప్రసాదంలో ఉప్పెక్కువైందని ఎవరైనా అంటారా?

ఆయన అధ్యక్షత వహించేది అక్కడి తెలుగు సంఘానికి. సంఘానికి ఎన్నికలు జరపాలని నియమావళిలో రాసే ఉంది. ఎవరైనా పోటీకి నిలబడితే ఆయన నొచ్చుకుంటారు కాబట్టి ఎవరూ నిలబడరు. మొహమాటం. సొంత దేశం వదిలి వచ్చేటప్పుడు అందరూ పెట్టెల్లో తూకం చూసుకుని సర్దుకున్నారు గానీ, ఈ ఒక్క సరుకుని మాత్రం తూకం లేకుండా మోసుకొచ్చారు.

టీచరమ్మకు కారు కావలసి వచ్చింది. భర్త ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కారు ఉండేది. అది ఆయన కంపెనీది. ఆయన పోయిన నెలలోనే కంపెనీవాళ్ళు మర్యాదగా ఫోన్ చేసి, మర్యాదగా వచ్చి, సంతాపం తెలిపి తాళం తీసుకున్నారు. డ్రైవరు సీటు ఇంకా ఆయన కాళ్ళ పొడవుకే వెనక్కి జరిపి ఉంది. వచ్చిన మనిషి పొట్టివాడు. తలుపు తెరిచి, వంగి మీట లాగి, సీటును సర్రున ముందుకు జరిపాడు. ఆమె లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది.

ఆమె భర్త వెంట వచ్చిన మనిషిగా ఆ దేశంలో ఉంటోంది. ఇప్పుడు భర్త లేడు కాబట్టి సొంతంగా ఉద్యోగం చూపిస్తే ఉండవచ్చని, లేకపోతే వెళ్ళిపోవాలని విదేశీయుల ఆఫీసులో చెప్పారు. వెళ్ళిపోతే అత్తవారింట్లో ఆమెకొక గది ఉంది. ఆ గదిలోకి పొద్దున కాఫీతో పాటు "పాపం" వస్తుంది, మధ్యాహ్నం అన్నంతో పాటు ఇంకో "పాపం" వస్తుంది. ఆమె పిల్లలకు లెక్కలు చెప్పి బతికిన మనిషి. ఇక్కడా అదే చేయాలనుకుంది. ఊరి చివర ఒక బడిలో లెక్కల టీచరు కావాలంటే వెళ్ళి పాఠం చెప్పి చూపించింది. హెడ్‌మిస్ట్రెస్‌కు నచ్చింది.

"మా బడి వైపు బస్సు రాదు. మీకు కారుందా?" అని చివర్లో అడిగింది ఆవిడ.

"బడి తెరిచే రోజుకి ఉంటుంది."

"అయితే ఉద్యోగమూ ఉంటుంది" అని ఆవిడ చేయి కలిపింది.

ఈ కబురు మరిది ద్వారా అధ్యక్షులవారికి చేరింది. మరిది అదే ఊళ్ళో, ఆయన ఆఫీసులోనే, ఆయన కిందే పనిచేస్తాడు. సాయంత్రానికల్లా అధ్యక్షులవారు భార్యను వెంటబెట్టుకుని టీచరమ్మ ఇంటికి వచ్చారు. సోఫా మధ్యలో ఆయన కూర్చున్నారు. మిగిలిన చోటులో ఆవిడ సర్దుకుంది. ఆవిడను అందరూ అక్కయ్యగారు అంటారు. మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ.

"అమ్మా, మీరు బయటివాళ్ళ దగ్గర మాత్రం కొనకండి" అన్నారాయన. "మనం విదేశీయులం. మనల్ని చూడగానే వాళ్ళకి పంట పండినట్టే. అందులోనూ ఒంటరి ఆడవాళ్ళంటే ఇంకేం చెప్పను!"

"అవునండీ" అన్నాడు మరిది.

"నా తెల్లకారు ఉంది. బంగారం లాంటి బండి. నేనుండగా మీరు షోరూముల చుట్టూ తిరిగితే నలుగురూ నన్నేమంటారు?"

"చాలా సంతోషమండీ" అంది టీచరమ్మ. "ఒకసారి చూసుకుని..."

"చూసేదేముందమ్మా? మీ మరిది రోజూ పార్కింగులో చూస్తూనే ఉన్నాడుగా."

"చూశాను వదినా. తెల్లగా ఉంటుంది."

"తెల్లకారు తెల్లగానే ఉంటుంది నాయనా. బ్రేకులెలా ఉన్నాయి?"

అక్కయ్యగారు టీ కప్పులోంచి తలెత్తి మొదటిసారి టీచరమ్మ వైపు చూసింది. మరిది దగ్గాడు. అధ్యక్షులవారు పెద్దగా నవ్వారు.

"తొక్కితే ఆగుతుందమ్మా!"

"వర్క్‌షాపులో ఒకసారి చూపిస్తానండీ. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అన్నాక అనుకోకుండా ఉండేవాడు అధ్యక్షుడు కాలేడు. ఆయన నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక ఉన్న మనిషి లోపలికి వెళ్ళిపోయాడు. "పాపం, మీరున్న స్థితిలో ఏం మాట్లాడుతున్నారో..." అని లేచారు.

వాళ్ళు గడప దాటగానే మరిది అందుకున్నాడు.

"పరువు తీశావు వదినా!"

"ఎవరిది?"

"ఆయన వస్తువుని పరీక్ష చేయిస్తానంటావా? పెద్దాయన్ని దొంగ అన్నట్టు కాదూ? అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన పనులు మానుకుని రెండుసార్లు వచ్చారు."

"వచ్చారు. రెండుసార్లూ మీ అన్నయ్య మంచం పక్కన ఫోటో దిగి సంఘం పేజీలో పెట్టుకున్నారు. రెండోసారి మీ అన్నయ్యకి స్పృహ లేదు."

మరిది చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వెళుతూ వెళుతూ, "నేను రేపు మళ్ళీ ఆయన మొహం చూడాలి" అన్నాడు. నిజానికి వాడి బాధ అంతే. వాడు చెడ్డవాడు కాదు. వెన్నెముకను ఆఫీసు బల్ల దగ్గర వదిలి ఇంటికి వచ్చే రకం.

టీచరమ్మ రెండు రోజులాగి అధ్యక్షులవారికి ఫోన్ చేసింది. కొనేముందు ఒకసారి నడిపి చూస్తానని, చేతికి అలవాటు కావాలి కదా అని అంది. ఇది ఆయన కాదనలేని కోరిక. పైగా ఆయనకు ఇంకో ఆలోచన ఉంది. శనివారం ఉదయం ఆమె చేత కారు నడిపించుకుంటూ సంఘం హాలుకు వెళ్ళాలి. అక్కడ ఫోటోగ్రాఫరు ఉంటాడు. 'భర్తను కోల్పోయిన సోదరికి సంఘం అండ' అన్న బ్యానరు కింద ఆయన తాళం ఇస్తుంటే ఆమె రెండు చేతులా అందుకోవాలి. బ్యానరు అప్పటికే అచ్చయింది.

శనివారం కారు కడిగి తెచ్చారు. తళతళలాడుతోంది. వెనక సీట్లో దంపతులు, ముందు మరిది. టీచరమ్మ అద్దాలు సరిచేసుకుని బయలుదేరింది.

"ఆ పక్క అద్దం దించకమ్మా, మళ్ళీ ఎక్కదు" అన్నారు వెనకనుంచి.

"సరేనండీ."

"ఏసీ ఎందుకు, హాయిగా గాలేస్తుంటే!"

"అద్దం దించొద్దన్నారుగా అండీ, గాలెక్కడిది?"

మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మలుపు దగ్గర వేగం తగ్గించి గేరు మార్చబోతే, అది ముసలి గేదెలా కదలనని మొరాయించింది. గట్టిగా నెడితే లోపల ఏదో పళ్ళు కొరికిన చప్పుడయింది.

"దానికి కాస్త బుజ్జగింపు కావాలమ్మా. పసిపిల్లలాంటిది."

టీచరమ్మ పసిపిల్లల్ని చాలామందిని చూసింది. ఇది ఆ బాపతు కాదని ఆమెకు తెలిసిపోయింది. సంఘం హాలు వచ్చింది. గుమ్మం దగ్గర ఫోటోగ్రాఫరు చేయి ఊపాడు. కారు అతని ముందునుంచి తిన్నగా వెళ్ళిపోయింది.

"అమ్మా, హాలు దాటిపోయాం!"

"తెలుసండీ."

"మరి ఎక్కడికి?"

"దగ్గరేనండీ."

తర్వాతి వీధిలో వర్క్‌షాపు ఉంది. కొనబోయే కార్లను పైకెత్తి అడుగునుంచి చూసి, బాగోగులు చెప్పే చోటు. ఆమె ముందురోజే సమయం తీసుకుంది. కారును నేరుగా ఇనప చేతుల మధ్యకు తెచ్చి ఆపింది. పనివాడు వచ్చి అందరూ దిగమని చెయ్యి చూపించాడు. టీచరమ్మ దిగింది. మరిది ఎటు దిగాలో తెలియక దిగాడు. అక్కయ్యగారు అందరికన్నా చురుగ్గా దిగింది. అధ్యక్షులవారు దిగలేదు.

"నేను దిగను" అన్నారు, సీటు బెల్టు మీద చెయ్యి వేసుకుని. మనిషి లోపలుంటే కారు ఎత్తరని ఆయనకు తెలుసు. "నా మాట మీద నమ్మకం లేదా మీకు?"

"మాట మీద ఉందండీ. కానీ మాటెక్కి బడికి వెళ్ళలేను కదా."

"వదినా..." అని మరిది ఏడుపు గొంతుతో అన్నాడు.

అక్కడ ఎవరికీ ఆయన అధ్యక్షులని తెలియదు. శుభ్రమైన దుస్తుల్లో ఉన్న పెద్దమనిషి కారు దిగనని ఎందుకు భీష్మించుకున్నాడో వాళ్ళకు అంతుపట్టలేదు. వెనక ఇంకో కారు వచ్చి హారన్ కొట్టింది. పనివాడు జాలిపడి టీచరమ్మను ఏదో అడిగాడు. అధ్యక్షులవారికి ఆ భాష బాగానే వచ్చు. అయినా ఆమె వంగి, తరగతిలో చివరి బెంచీకి వినిపించేలా తెలుగులో చెప్పింది.

"మీరు నడవలేరేమో, చక్రాల కుర్చీ తెమ్మంటారా అని అడుగుతున్నాడండీ."

అధ్యక్షులవారు దిగారు. ఎవరి వైపూ చూడకుండా చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. గేరు రెండుసార్లు పళ్ళు కొరికి మూడోసారి లొంగింది. మరిది ఒక్క క్షణం వదిన వైపు చూసి, కదులుతున్న కారు తలుపు తెరుచుకుని లోపల పడ్డాడు. తెల్లకారు గేటు దాటి పోయింది.

అక్కయ్యగారు చేతిసంచితో అక్కడే నిలబడి ఉంది.

"మిమ్మల్ని మరిచిపోయారండీ" అంది టీచరమ్మ.

"ఇంటికెళ్ళి టీ అడిగేటప్పుడు గుర్తొస్తాన్లే" అంది ఆవిడ.

ఇద్దరూ బస్టాపుకు నడిచారు. బస్సు కోసం కూర్చున్నాక ఆవిడే కదిపింది.

"గేరుబాక్సు పోయింది దానికి. బాగుచేయించే బదులు ఇంకో కారు కొనుక్కోవచ్చని మెకానిక్కులు చెప్పారట."

"ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదండీ."

"ఎలా చెప్తానమ్మా, ఆయన పక్కనే కూర్చుంటే? మొహమాటం." ఆవిడ సంచి ఒళ్ళో సర్దుకుంది. "నన్నిచ్చేటప్పుడు మా నాన్నకీ అదే వచ్చి పడింది. పెద్ద కుటుంబం, మనం అడిగితే బాగుండదు అన్నాడు. ఇలాంటి చోట ఒకసారి పైకెత్తి చూసుకుని ఉంటే ఏం పోయేది?"

టీచరమ్మ నవ్వింది. భర్త పోయిన తర్వాత నోట్లోంచి శబ్దం వచ్చేలా నవ్వడం అదే మొదలు. నవ్వాక కళ్ళు తుడుచుకుంది. అక్కయ్యగారు ఆమె వైపు చూడకుండా, బస్సు వచ్చే దిక్కుకే చూస్తూ కూర్చుంది.

సోమవారానికల్లా ఊరంతా పాకింది. టీచరమ్మకు మతి చెడిందని, భర్త పోయిన దుఃఖం తలకెక్కిందని చెప్పుకున్నారు. మతి బాగుంటే అధ్యక్షులవారి కారును ఎవరైనా అనుమానిస్తారా? రోజూ ఫోన్లు చేసి ఓదార్చేవాళ్ళు మానేశారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ వారంలోనే తెల్లకారును కొత్తగా వచ్చిన ఒక జంట అందుకుంది. బ్యానరు మీద 'భర్తను కోల్పోయిన సోదరికి' అన్న మాటలు మార్చారు. ఫోటోలో ఆ అబ్బాయి తాళం కళ్ళకద్దుకుంటున్నాడు. పక్కనున్న అమ్మాయి మాత్రం కారు వైపు అనుమానంగా చూస్తోంది. కాస్త ఆశ ఉందనుకుంది టీచరమ్మ.

బడి తెరవడానికి ఇక ఎక్కువ వ్యవధి లేదు. ఆమె ఒక్కతే పాత కార్లమ్మే దుకాణానికి వెళ్ళింది. అమ్మకందారు ఆమెను చూడగానే గొంతు పెంచాడు. చెవుడున్నవాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడగొట్టి, మధ్యలో చేతులతో స్టీరింగు తిప్పి చూపిస్తూ చెప్పాడు.

"ఇది. చాలా. మంచి. కారు. మీవాళ్ళు. దీన్నే. కొంటారు."

"మావాళ్ళు ఏది కొంటారో నాకు తెలుసు" అంది ఆమె, అతని భాషలోనే, అతనికన్నా తప్పుల్లేకుండా. "దాని పక్కది చూపించండి."

"మీ భర్తగారు కూడా వచ్చి చూస్తే బాగుంటుందేమో."

"రారు."

ఆ మాట అన్న తీరుకు అతను పక్కదాని తాళం తెచ్చాడు. పక్కది ఉడికిన పాలకూర రంగులో ఉన్న పొట్టి కారు. ఆమె అద్దాలన్నీ దించి ఎక్కించింది. ఏసీ వేసింది. చక్రాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టైర్ల అరుగుదల చూసింది. నడిపి, గేర్లన్నీ మార్చి చూసి, వెనక్కి తెచ్చి పెట్టి, వర్క్‌షాపులో చూపిస్తానంది. చెప్పాక అలవాటు కొద్దీ, ఏమీ అనుకోకండి అనబోయింది.

అమ్మకందారు ఆవులించాడు. "చూపించుకోండి."

అంతే. ఎవరి కళ్ళలోనూ నీళ్ళు తిరగలేదు. ఎవరి పరువూ పోలేదు. అతనికి ఆమె మీద చిటికెడు గౌరవం లేదు. ఆమెకు అతని మీదా లేదు. ఇద్దరి మధ్యా ఏ ఆప్యాయతా అడ్డం లేకపోవడంతో కారు మాత్రం శుభ్రంగా కనిపించింది. వర్క్‌షాపువాళ్ళు ఎత్తి చూసి, ముందు చక్రాల బ్రేకులు మార్పించుకోమన్నారు. మార్చి ఇస్తేనే కొంటానని ఆమె వచ్చి చెప్పింది. అతను గొణుక్కుంటూ మార్పించాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడుపుకుని వస్తూ ఆమె ఒక సంగతి ఒప్పుకుంది. భర్త ఉండి ఉంటే ఆ తెల్లకారే కొనేవాడు. బ్రేకుల సంగతి అడగడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు. దారిలో ఆగిపోతే చొక్కా చేతులు మడుచుకుని తోసేవాడు. ఆమె లోపల కూర్చుని స్టీరింగు పట్టుకుని, దారి పొడుగునా తిడుతూ ఉండేది. ఎర్రదీపం దగ్గర ఆగి, దీపం మారాక కూడా కొంచెంసేపు అలాగే ఉండిపోయింది. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

బడి తెరిచిన రోజు ఆమె అందరికన్నా ముందు చేరింది. హెడ్‌మిస్ట్రెస్ గేటు దగ్గర తాళాలగుత్తితో నిలబడి ఉంది. కారు వైపు చాలాసేపు చూసింది.

"ఈ రంగు ఎవరైనా కావాలని వేయించుకుంటారా?"

"నాకు తెలియదండీ. రంగు సంగతి నేనడగలేదు."

"మరేం అడిగారు?"

"మిగతావన్నీ" అంది టీచరమ్మ. సుద్దముక్కల పెట్టె చంకన పెట్టుకుని, తన తరగతి ఎటువైపో అడిగి తెలుసుకుని నడిచింది.