రాగి దిమ్మె

తిరువూరులో మే నెల. నా బావమరిది వంశీకృష్ణ ఫొటో సెంటర్లో కంప్యూటరు మధ్యాహ్నమయ్యేసరికి ఆగిపోయేది. ఆగినప్పుడల్లా తెర మీద నా భార్య హనుమాయమ్మ ముఖం సగంలో పోయేది.

ఆమె సంవత్సరీకం దగ్గర పడింది. పటం కావాలి. ఉన్నది ఒకటే ఫొటో, వంశీ పెళ్ళిలో వాళ్ళింటోళ్ళంతా నిలబడి తీయించుకున్నది. అందులో ఆమె ముఖం శనగగింజంత. దాన్ని పెద్దది చేసి మరకలు చెరిపేలోపే మిషను చచ్చేది.

"చిప్పు కాలిపోతోంది బావా. దాని మీద రాగి దిమ్మె బిగించి, లోపల నీళ్ళు తిప్పితే చల్లబడుద్దంట. బొమ్మ గీసుకొచ్చా."

నాది లేతు దుకాణం. బోరు మోటార్ల పని. కాగితం చూశాను. దిమ్మె లోపల మెలికల కాలవ గీశాడు.

"ఇది జిలేబీరా. నా దగ్గర తిన్నగా బెజ్జాలేసే మిషనే ఉంది."

అంకారావు పాతసామాన్ల కొట్లో రాగి ముక్క దొరికింది. నిలువుగా, అడ్డంగా బెజ్జాలు వేసి లోపల కలిపాను. నీళ్ళు వచ్చే దారి, పోయే దారి వదిలి మిగతావి ఇత్తడి మరలతో మూశాను. బెజ్జం వేసేటప్పుడు పాలు పోశాను.

"అభిషేకమా బావా?"

"రాగి మెత్తన. పాలు పొయ్యకపోతే డ్రిల్లుని పట్టుకుని వదలదు. మీ ఇంటోళ్ళ లాగా."

అడుగు నునుపు చేయడానికి అద్దం మీద గరుకు కాగితం పరిచి వాడికే ఇచ్చాను.

"ముఖం కనపడేదాకా రుద్దు."

"కనపడుతోంది."

"ఎవరిది?"

"నాదే."

"అయితే ఇంకా రుద్దు."

సైకిలు పంపుతో దిమ్మెలోకి గాలి కొట్టి నీళ్ళ బకెట్లో ముంచాను. ఒక మర దగ్గర బుడగలు వచ్చాయి. విప్పి, దారం చుట్టి మళ్ళీ బిగించాను.

"కారితే మిషను పోద్ది బావా. లోపలున్న అక్క కూడా."

"కారదు."

వాళ్ళింటి కూలర్లో నీళ్ళ మోటారు పీకి తెచ్చాడు. దిమ్మెను చిప్పు మీద బిగించాం. బకెట్లో నీళ్ళు దాని గుండా తిరిగాయి. మధ్యాహ్నం దాటింది. మిషను ఆగలేదు.

తెర నిండా హనుమాయమ్మ ముఖం. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఆ రోజు కెమెరా పక్కన నిలబడ్డ నన్నే చూస్తోంది. గ్రీజు మరకల చొక్కాతో పెళ్ళికి వచ్చానని.

"ఆ చిరాకు తీసేసి నవ్విస్తా బావా. రెండు నిమిషాల పని."

"ముట్టుకోకు. నవ్వే మనిషిని నేనెరగను."

పటం కట్టించాను. సంవత్సరీకం నాడు ఉతికిన చొక్కా వేసుకున్నాను.