జనవరికి జరగని సాంజావ్

జూన్ ఇరవై నాలుగున మెల్‌బోర్న్‌లో ఉదయం నుంచీ ముసురు పట్టింది. ఫుర్తాదో గారి పెరట్లోని ఈతకొలను చుట్టూ గోవా సంఘ సభ్యులు అరవై మంది కోట్లు తొడుక్కొని, తలలపై పూల కిరీటాలు ధరించి నిలబడ్డారు. ఘుమట్ డప్పు ఎడతెగక మోగుతోంది. నీళ్లలోకి మాత్రం ఎవరూ దిగలేదు.

ముప్పై ఏళ్లుగా సంఘానికి కార్యదర్శిగా ఉన్న ఎర్మెలిందా గొడుగు కింద నిలబడి చూస్తోంది. సాంజావ్ పండుగ నాడు వానకు నిండిన బావుల్లోకి దూకడం గోవా ఊళ్లలో ఆచారం. ఇక్కడ జూన్ చలికాలం. అందుకే పండుగను జనవరికి మార్చాలని అధ్యక్షుడు సావియో ప్రతిపాదించాడు. ఈసారి సభ్యుల్లో ఒక్కరైనా దూకితే ఆ ప్రతిపాదన వీగిపోవాలని ఆమె పట్టుబట్టి ఒప్పించింది. ఎవరూ దూకకపోతే పండుగ తన తేదీని శాశ్వతంగా కోల్పోతుంది.

“ఏం బెర్తో, ఒక్కరోజులో మూడు బావుల్లో దూకానని కోతలు కోశావుగా?” అంది ఎర్మెలిందా.

“అప్పుడు మోకాళ్లుండేవి ఆంటీ.”

“నీకేమొచ్చింది రోక్?”

“చెవిపోటు. తల తడపొద్దన్నాడు డాక్టరు.”

“తల ఒడ్డున పెట్టి దూకరా!” అన్నాడు బెర్తో. అందరూ గొల్లుమన్నారు.

ఇంతలో ట్రెవర్ కోటు విప్పాడు. టాస్మేనియాలో పుట్టిన ఆ యువకుడు ఎర్మెలిందా కూతురిని పెళ్లాడి రెండు నెలలైంది.

సావియో చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు బాబూ. నువ్వు దూకితే లెక్కలోకి రాదు. మనవాడే దూకాలి.”

ట్రెవర్ అత్తగారి వైపు చూశాడు. ఆమె గొడుగు మూసేసింది.

“సావియో, ఇది ఎవరి పండగరా?”

“కొత్తల్లుళ్లది.”

“అల్లుడంటే బయటి నుంచి వచ్చినవాడే కదా? మీ నాన్న మీ అమ్మ వాళ్ల ఊరి బావిలో దూకినప్పుడు, ‘నువ్వు లెక్కలోకి రావు’ అని ఆయన్ను ఎవరైనా అన్నారా? తలుపులేసుకుని కూర్చోడానికా మనం ఈ సంఘం పెట్టుకుంది? వచ్చినవాణ్ణి మనవాణ్ణి చేసుకోడానికి!”

సావియో అడ్డం పెట్టిన చెయ్యి దించాడు.

“అల్లుడుగారూ, దూకండి!” అంది ఎర్మెలిందా.

“వివా సాంజావ్!” అని జేజే కొడుతూ దూకాడు ట్రెవర్. ఉచ్చారణ వంకరగా వచ్చినా గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నీళ్లలో మునిగి, ఎర్రబడ్డ ముఖంతో, కేరింతలు కొడుతూ పైకి తేలాడు.

ఆ తరువాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. బెర్తో తన మోకాళ్లతో సహా దూకాడు. రోక్ చెవులు మూసుకొని దూకాడు. చివరికి సావియో, ఎవరూ తోయకుండానే, బూట్లతోనే దూకాడు.

“చచ్చాన్రా దేవుడా!”

ఇక ఓటింగుతో పని లేదు. అయినా ఎర్మెలిందా కొలను అంచుకు వచ్చి, నిటారుగా నిలబడి, సభా మర్యాదకు లోటు రాకుండా ప్రకటించింది:

“జనవరి వద్దు అనే సభ్యులు చేతులెత్తాలి!”

అందరికంటే ముందు సావియో రెండు చేతులూ ఎత్తాడు. తక్కినవారూ ఎత్తారు. ఈదే చేతులు పైకి లేవడంతో ఎత్తినవారందరూ ఒక్కసారిగా బుడుంగున మునిగారు.

నీటిపైన చేతులు మాత్రమే మిగిలాయి. ఆమె వాటిని చూసి, “ఏకగ్రీవం!” అని ప్రకటించింది.