చెప్పని చేపల కల

ఎర్లీన్‌కు కలలో చేపలు కనబడ్డాయంటే అయినవాళ్లలో ఎవరో నెల తప్పినట్టే. అమెరికాలోని మిసిసిపీలో వాళ్ల చర్చి ఆడవాళ్లందరిదీ అదే నమ్మకం. తెల్లారగానే ఫోనెత్తి, "ఎవరే ఆ దొంగ? మర్యాదగా బయటపడండి" అని అందరినీ నిలదీసేది.

మూడేళ్ల కిందట అలా బయటపడింది ఆమె కూతురు షలోండాయే. ఏడో నెలలో కాళ్లు పొంగితే, కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనంది ఎర్లీన్. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటే కాసేపు పడుకోమంది. బీపీ కొండెక్కిందని తెలిసేసరికి షలోండా వంటింట్లో ఫిట్స్ వచ్చి పడి ఉంది. తను బతికింది, బిడ్డ బతకలేదు. అప్పటినుంచి ఎర్లీన్ నోట చేపల మాటే లేదు. ముసలిదానికి కలలు కూడా ఎండిపోయాయని చర్చిలో ఎకసెక్కాలాడారు.

షలోండాకు ఆ పోయిన బిడ్డ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుండేది. బీపీ మిషను చేతికి బిగుసుకుని గుర్రుమన్నప్పుడల్లా, పక్కగదిలో ఎవరో ఊపిరి తీసినట్టు ఉలిక్కిపడేది. అయినా మళ్లీ బిడ్డ కావాలి. భయమెంతో ఆశా అంతే. డాక్టరమ్మ కాదనలేదు. ఇప్పటి బీపీ మాత్ర కడుపులో బిడ్డకు పడదు, ముందు దాన్ని మార్చాలి, అందాకా నెల తప్పకుండా జాగ్రత్తపడమంది. మార్చడానికి వచ్చే వారం రమ్మంది.

ఆ శుక్రవారం షలోండా పుట్టింటికి వెళ్లింది. శుక్రవారం పూట ఆ ఇంట్లో చేపలు వేగకపోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఇవాళ పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. అదేమంటే, తినబుద్ధి కాలేదంది ఎర్లీన్, తలెత్తకుండా. కూర కలుపుతూనే అడిగింది.

"ఆ పాత మాత్రే ఇంకా మింగుతున్నావా?"

చేపలు ఎందుకు వండలేదో షలోండాకు అర్థమైంది. "ఎప్పుడొచ్చిందమ్మా కల?"

"ఆదివారం. ఏటి ఒడ్డంతా చేపలే. చెబితే నిజమైపోతుందని నోరు కుట్టుకున్నాను. అప్పుడేమో ఊరంతా చాటాను గానీ, నీ తలనొప్పి మాత్రం చెవిన పెట్టలేదు."

కలలను షలోండా అంతగా నమ్మదు. కానీ జాగ్రత్త ఒక రాత్రి తప్పిందని ఆమెకు తెలుసు. 

ఎర్లీన్ పొయ్యి కట్టేసి, చర్చికి పెట్టుకునే టోపీ తీసి పెట్టుకుంది. ఆ టోపీ ఉంటే ఆసుపత్రిలో తన మాట వింటారని ఆమె ధీమా.

"డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి, ఇప్పుడే వస్తున్నామను. ఈసారి నీకు కాలు పొంగినా, నాకు కలొచ్చినా ముందు ఆవిడకే చెబుదాం."

షలోండా ఫోన్ తీసింది. అవతల మోగుతుండగా తల్లి చెయ్యి ఆమె పొట్టదాకా వచ్చి, తాకకుండానే వెనక్కి వెళ్లిపోయింది.