మంత్రిగారి ఇంటి ఆడవాళ్లు

కేంద్ర మంత్రి మీర్ హాతిమ్ ఖాన్ ఇస్లామాబాద్‌లో ఏ శాఖ చేపట్టినా, ఆ శాఖ తాలూకు నెత్తురు మాత్రం సింధ్‌లోని అతని సొంత ప్రాంతంలోనే కారేది. రైల్వే ఇచ్చారు. పట్టాల మీద బైఠాయించిన కార్మికుల నాయకుడు ఇంజను షెడ్డు వెనక శవమై దొరికాడు. నీటి వనరులు ఇచ్చారు. వరద రోజున తన మామిడితోటలు మునగకుండా కాలువగట్టుకు గండి కొట్టించాడు. అవతలి ఊళ్లో పదకొండు మంది మంచాలతో సహా కొట్టుకుపోయారు. తర్వాత హోం శాఖ. గండి మీద కోర్టుకెళ్లిన నూరాన్ ముసలమ్మ కొడుకులిద్దర్నీ బస్సులోంచి లాగి కాల్చేసి, ఎదురుకాల్పులని రాయించాడు. పత్రికలు మాత్రం అనుభవజ్ఞుడని మెచ్చుకునేవి. వాటికేం పోయింది!

మూడు శాఖల పనీ చేసిన చెయ్యి ఒక్కటే. అది అంగరక్షకుడు లాల్ బఖ్ష్‌ది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి ఉప్పు తింటున్నాడు, ఎందుకని అడగడం మానేసి చాలా కాలమైంది.

నూరాన్ మూడో కొడుకు సబ్జల్ ఊరుకోలేదు. మంత్రి ఒక్కగానొక్క కొడుకు వేటకెళ్తే పట్టుకుని, వాడి చెవి కోసి తండ్రికి పంపాడు. వెంట కబురు: శుక్రవారం మధ్యాహ్నానికి పోలీసులు లేకుండా మేఢ్ తీసుకురా, లేకపోతే తల పంపుతాం.

మేఢ్ అంటే హంతకుడి ఇంటి ఆడవాళ్లు ముసుగు తీసేసి, ఖురాన్ నెత్తిన పెట్టుకుని, చచ్చినవాడి గడప ముందు నిలబడటం. అలా వచ్చాక ఎంతటి హత్యనైనా క్షమించి తీరాలి.

"నా బేగం ఆ గుడిసె ముందు ముసుగులేని తలతో నిలబడాలా?" అన్నాడు మంత్రి లాల్ బఖ్ష్‌తో. "నీ పెళ్లాన్ని పంపరా. మా ఆవిడ శాలువా కప్పితే ఎవడు కనిపెడతాడు?"

"దొంగ మేఢ్ అని తెలిస్తే నరికేస్తారు సాయీన్."

తుపాకీ మడమ లాల్ బఖ్ష్ నోటికి తగిలింది. రెండు పళ్లు రాలాయి.

ఇంట్లో జులేఖాన్ మొగుడి మూతి తుడిచింది. "నే వెళ్తాలే. ఆ పాపంలో నీ వాటా లేదేంటి?" అంది. లాల్ బఖ్ష్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

శుక్రవారం మంత్రి జీపు దిగలేదు. జులేఖాన్ ఒక్కతే నడిచింది, ఇరవై అడుగులు వెనక లాల్ బఖ్ష్. గడప దగ్గర ఆమె శాలువా తీసేసింది. నూరాన్ వచ్చి, ఖురాన్ పట్టుకున్న ఆ చేతులు తడిమి చూసింది.

"ఏమే, మంత్రి పెళ్లానికి పత్తి ఏరి పగిలిన వేళ్లెక్కడివి?"

సబ్జల్ తుపాకీ ఎత్తాడు.

"నేను మంత్రి పెళ్లాన్ని కాదమ్మా," అంది జులేఖాన్. "మీ బిడ్డల్ని కాల్చినవాడి పెళ్లాన్ని. అదిగో, వెనకున్నాడు."

ముసలమ్మ ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి నెత్తురొచ్చేదాకా కొట్టి, భోరున ఏడ్చి, తన ఓణీ తీసి ఆమె తల మీద కప్పింది.

"నువ్వొచ్చావు. నీ మొగుడి నెత్తురు వదిలేశాను, పో. మరి ఆ బండిలో ఉన్నవాడి ఇంటి నుంచి ఎవరొచ్చారే?"

"ఎవరూ రాలేదమ్మా."

నూరాన్ కొడుకు వైపు తిరిగింది. "ఆ కుర్రాణ్ణి వదిలెయ్యరా. మన పని వాడి అబ్బతోనే."

సబ్జల్ మనుషులు జీపు మీద పడ్డారు. అద్దాలు పగిలాయి. డ్రైవరు దూకి పారిపోయాడు. మంత్రిని జుట్టు పట్టి దుమ్ములోకి ఈడ్చారు.

"నేనెవర్నో తెలుసట్రా? హోం మంత్రిని! ఒరే లాలూ, కాల్చరా! కాల్చు!"

ఇరవై ఏళ్ల అలవాటు. లాల్ బఖ్ష్ కాళ్లు వాటంతటవే అటు కదిలాయి. జులేఖాన్ ఆపలేదు, చిట్లిన పెదవితో అతనికేసి చూసింది, అంతే. అతను తుపాకీ నేల మీద పెట్టి, భార్య పక్కకొచ్చి నిలబడ్డాడు. తనను పిలిచే ఆ గొంతు ఆగిపోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.